జంపఖానా మూడో ప్రయత్నం: రెండుంబావు అంగుళాలు ఎటు పోయాయి?

పదహారుకు పావు తక్కువ. టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే. మొదలుపెట్టినప్పుడు వెడల్పు 18 అంగుళాలు. పది అంగుళాలు నేసేసరికి రెండుంబావు మాయం. జంపఖానా కాదు, బోర్లించిన గంపలా తయారైంది. అమ్మ వచ్చి చూసి, “నెల రోజుల సంది కొడుతున్నవ్, కాళ్లు తుడుసుకోను గూడ సాలదు గదనే” అనేసి పోయింది.

చట్రం పాతదే. 24×36 అంగుళాలు, వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలతో చేయించుకున్నది. పడుగు (నిలువు దారాలు) అంగుళానికి 6 పోగులు, మొత్తం 108, రెండు అంచుల్లోనూ చివరి పోగులు జంటగా. పేకకు (అడ్డంగా నేసే దారానికి) 10 నంబరు నూలు, ఎనిమిది పోగులు కలిపి. ముందు నేసిన నాలుగు టీ కోస్టర్లు బాగానే వచ్చాయి, మెట్ల డిజైను కూడా కుదిరింది. వాటి సంగతి అంతే.

ఇక ఈ గంప సంగతి. రెండు అంగుళాలకోసారి కొలిచి పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి లెక్క ఉంది. ఎత్తు 2 దగ్గర వెడల్పు 17¾, 4 దగ్గర 17⅜, 6 దగ్గర 16⅞, 8 దగ్గర 16¼, 10 దగ్గర 15¾. అంటే ఒక్కచోట జరిగిన పొరపాటు కాదు, వరుస వరుసకూ కొంచెం కొంచెం లోపలికి లాగుతూనే ఉన్నాను. పోగులు లెక్కపెడితే నడుమ అంగుళానికి 6 అలాగే ఉన్నాయి. కుడి చివరి అంగుళంలో 8, ఎడమ చివరి అంగుళంలో ఏకంగా 10. పోయిన రెండుంబావులో అంగుళంన్నర ఎడమవైపే పోయింది. ఈ తేడా ఎందుకో మొదట అర్థం కాలేదు.

ముక్క పట్టుకుని వరంగల్‌లోని కొత్తవాడ వెళ్లాను. అక్కడ తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్దాయన మగ్గం దగ్గర గంట సేపు కూర్చోనిచ్చారు. ఆయన టేపు అడగలేదు. అంచు మీద బొటనవేలు పెట్టి కింది నుంచి పైకి ఒక్కసారి జరిపి, “అంచుకాడికి పోంగనే గుంజుతున్నవ్ బిడ్డా. పేకకు నడవనీకి జాగ ఇయ్యాలె” అన్నారు. వరంగల్ డర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లో చదివి సంబరపడ్డదాన్నే. మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న మగ్గం దగ్గరికి పోకుండా ఇన్నాళ్లూ వీడియోలు చూస్తూ కూర్చున్నాను.

జాగా ఇవ్వడం అంటే పేకను తిన్నగా కాకుండా విల్లులా వంచి వేసి, తర్వాత పంజాతో (దువ్వెనలాంటి పళ్ల పనిముట్టుతో) కిందికి కొట్టడం. అది నేను చేస్తూనే ఉన్నాను! నడుమ అంగుళం ఎత్తు లేపుతున్నాను. మరి ఎందుకు చాలలేదు? ఇంటికి వచ్చి మొత్తం విప్పేశాను. వెడల్పు ఇంకా 18 ఉన్న మొదటి వరుసలోని పేకను సాఫు చేసి కొలిస్తే 20 అంగుళాలు వచ్చింది. పడుగు పోగుల పైనుంచి, కిందినుంచి వంకర్లు తిరుగుతుంది కాబట్టి 18 అంగుళాల బట్టకు 20 అంగుళాల పేక కావాలి. ఇప్పుడు నా విల్లు. 18 అంగుళాల మీద అంగుళం ఎత్తు లేపితే దారం ఎంత పెరుగుతుందో తెలుసా? నాలుగు మిల్లీమీటర్లు కూడా పెరగదు. లెక్క వేసి నమ్మలేక దారం పరిచి కొలిచాను, నిజమే. ఒకే విల్లుతో రెండు అంగుళాలు రాబట్టాలంటే మూడున్నర అంగుళాల పైనే లేపాలి. అంత లేపితే పంజా కింద అది ఎటు పడితే అటు ముడుచుకుపోతుంది. అదే వరుసను ఆరు చిన్న గుట్టలుగా, మూడేసి అంగుళాలకు ఒకటి చొప్పున పెడితే, ఒక్కో గుట్ట అర అంగుళం కంటే కాస్త ఎత్తుంటే చాలు. పెద్దాయన వేళ్లతో పేకను అక్కడక్కడా నొక్కుతూ పోయింది ఇందుకే. కళ్ల ముందే చేస్తుంటే నేను పంజా వైపు చూస్తూ కూర్చున్నాను.

ఎడమవైపు ఎక్కువ లాగడానికి కారణం వేరే అనుకుంటున్నాను. పడుగు ఎప్పుడూ ఎడమ నుంచి మొదలుపెట్టి కుడికి చుట్టుకుంటూ పోతాను. చట్రం మూలల మధ్య దారం లాగి పట్టి చూస్తే పై కర్ర నడుమ 4 మిల్లీమీటర్లు లోపలికి వంగి ఉంది. పోగులు చుట్టేకొద్దీ కర్ర వంగుతుంది, దాంతో ముందు చుట్టినవి వదులవుతాయి. చట్రాన్ని రెండు కుర్చీల మీద పడుకోబెట్టి, ఒక్కో పోగుకు నడుమ 100 గ్రాముల తూకం రాయి వేలాడదీశాను (అమ్మ దీనికి కూడా ఏదో అంది). కుడివైపు పోగు 6 మిల్లీమీటర్లు దిగింది, ఎడమవైపుది 11. వదులు పోగు పేక ఎటు లాగితే అటు పోతుంది. ఇది నా ఊహే గానీ గట్టి ఊహ.

దారం మీద కూడా అనుమానపడ్డాను. ఈసారి పడుగుకు వాడింది క్రోషే నూలు, నాలుగు పోగులది, పట్టుకుంటే కాస్త సాగుతుంది. మళ్లీ వాడను. యాంకర్ వాళ్ల మెరిసే నూలు కుట్టుపనికి నాకెంతో ఇష్టం, జంపఖానాకు మాత్రం ఆ మెరుపు నప్పదు. ఆన్‌లైన్‌లో కిట్‌తో పాటు వచ్చిన పడుగు దారమైతే (కంపెనీ పేరు వద్దులెండి) రెండో రోజే మేకు దగ్గర తెగింది. మగ్గాల వాళ్లు వాడే నూలు కిలోల లెక్కన కొనుక్కోవడమే మేలు, చవక కూడా.

నాలుగోది శనివారం మొదలుపెట్టాను. ఆరు గుట్టలు, రెండు అంగుళాలకోసారి రెండు అంచులనూ చట్రం పక్క కర్రలకు దారంతో కట్టడం. ఆరు అంగుళాల ఎత్తులో వెడల్పు 17⅝! కిందటిసారి ఇదే ఎత్తులో 16⅞. కేకపెట్టాను. కానీ కొత్త తలనొప్పి: నడుమ రెండు చోట్ల పేక ఎక్కువై ఉంగరాల్లా పైకి లేచింది, తడిమితే చేతికి తగులుతోంది. గుట్టలన్నీ ఒకే ఎత్తున రావడం లేదు. అంచు పక్క గుట్ట మిగతావాటికంటే చిన్నదిగా ఉండాలి, లేకపోతే దారం బయటికి వేలాడుతుంది. ఎడమవైపు ఇంకా పావు అంగుళం లాగుతోంది, ఎందుకంటే పడుగు పాత పద్ధతిలోనే చుట్టేశాను. లెక్క తెలిసి కూడా. ఓపిక లేక.

ఐదోదానికి నడుమ నుంచి రెండు పక్కలకూ చుడతాను. వడ్రంగికి రెండించీల మందం కర్ర, రెండు బోల్టులు చెప్పాను. బోల్టు తిప్పితే పడుగు బిగిసేలా. గురువారం ఇస్తానన్నాడు, అంటే ఆదివారం. అది కుదిరితే రెండు రంగుల మధ్య సందు రాకుండా పేకలు ఒకదానిలో ఒకటి మెలేసే పని పట్టాలి, కొత్తవాడలో చూసినప్పటి నుంచి చేతులు దురదపెడుతున్నాయి.

ఇంకోటి, ఇది అమ్మకు చెప్పలేదు. గొంగడి నేసేవాళ్ల దగ్గర నల్ల గొర్రె ఊలు అరకిలో అడిగి పెట్టాను. ఆ పడుగుకు చింతగింజల గంజి పెట్టాలట. గింజలు ఇప్పటికే డబ్బాలో దాచాను, నానబెట్టడానికి పాత కుక్కర్ కావాలి.