సారె మూట వెనక శ్రీశైలానికి

ఉగాది దగ్గర పడుతున్న రోజుల్లో మా ఆదోని వీధుల్లో కన్నడ మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఉత్తర కర్ణాటక పల్లెల నుంచి జనం గుంపులు గుంపులుగా కాలినడకన శ్రీశైలం వెళ్తుంటారు. భుజాన జోలె, నెత్తిన మూట. కొందరైతే కర్రకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు. చిన్నప్పుడు వాళ్లకు మజ్జిగ పోసే పని మా ఇంట్లో నాదే. చెంబు అందుకుంటూ ముసలివాళ్లు నన్ను కూడా "మల్లయ్యా" అని పిలిచేవారు. దారిలో ఎదురైన ప్రతివారూ, ఆడైనా మగైనా, పిల్లలైనా, వాళ్లకు మల్లయ్యే.

ఈసారి వాళ్లతో నేనూ కలిశాను. భక్తి కంటే మా మేనత్త పోరే ఇందుకు ముఖ్య కారణం. విడాకులై కొన్నేళ్లు గడిచిపోయాయి, ఇంకా ఒక్కదానివే ఎన్నాళ్లుంటావు, నడిచి వెళ్లి మల్లన్నను అడుగు, మంచి సంబంధం కుదురుతుంది అని ఆవిడ నమ్మకం. ఆవిడ మాత్రం ఎప్పుడూ బస్సులోనే వెళ్లింది! ఎదురింటి కన్నడ కుటుంబం వాళ్ల గుంపు ఆత్మకూరు చేరేసరికి నేను బస్సెక్కి వెళ్లి అక్కడ కలుసుకున్నాను. మొత్తం నడిచానని చెప్పుకునే హక్కు నాకు లేదు. నేను నడిచింది నల్లమల అడవి దారి మాత్రమే. వెంకటాపురం దాటి అడవిలోకి అడుగుపెడితే శ్రీశైలం సుమారు 40 కిలోమీటర్లు. నాగలూటి, పెచ్చెరువు, మఠం బావి, భీముని కొలను, కైలాస ద్వారం అన్నవి మజిలీలు. పెద్దపులుల అభయారణ్యం కనుక మామూలు రోజుల్లో ఇటు ఎవరినీ పోనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం దారి తెరుస్తారు.

మా గుంపుకు పెద్ద ఒక అజ్జి, అంటే కన్నడంలో అవ్వ. డెబ్బై దాటి ఉంటాయి. ఆమె నెత్తి మీద ఎర్రటి గుడ్డలో కట్టిన మూట ఒకటి ఉంది. ఎంత అలసినా దాన్ని ఇంకొకరికి ఇవ్వదు, నేల మీద పెట్టదు. కూర్చుంటే ఒడిలోకి మారుతుంది. అందులో ఏముందని అడిగితే విప్పి చూపించింది. ఇలకల్ చీర, దాని మీదకు ఖణం రవిక గుడ్డ, గాజులు, పసుపు, కుంకుమ, ఒడి నింపడానికి బియ్యం, ఎండు కొబ్బరి గిన్నెలు. "కూతురికి" అంది. శ్రీశైలంలో కాపురం ఉంటున్న కూతురు కాబోలు అనుకున్నాను. ఒక విధంగా అదీ నిజమే. కన్నడ భక్తులకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. మల్లికార్జునుడు అల్లుడు. ఏటా పండక్కి కన్నవారు సారె పట్టుకుని కూతురింటికి వెళ్లకపోతే ఎలా?

నేను విన్న భక్తి అంతా రెండు రకాలు. ఒకటి, చేతులు జోడించి ఏదో ఒకటి కోరుకోవడం. రెండోది, ప్రవచనాల్లో చెప్పే నాయికా నాయక భావం. విరహం, నిట్టూర్పు, ఎదురుచూపు. రెండోది నాకు మొదటి నుంచీ చికాకే. పెళ్లిలో పడిన ఎదురుచూపులు చాలవా, దేవుడితో కూడా అదే తంతా అనిపించేది. అత్తగారి హోదాలో గుడికి వెళ్లే భక్తి ఒకటి ఉందని మాత్రం ఇదే చూడటం.

పెచ్చెరువు దగ్గర నీళ్ల కుండలు పెట్టిన చోట ఒక చెంచు పెద్దాయనకూ మా అజ్జికీ మాటామాటా కలిసింది. చెంచులకూ మల్లన్న అల్లుడే. వేటకు వచ్చిన శివుడు తమ పిల్లను ఇష్టపడి పెళ్లాడాడని వాళ్ల కథ. చెంచు మల్లయ్య అంటారు.

"మీకంటే ముందు మా ఇంటి అల్లుడు" అన్నాడాయన.

"మాది పెద్ద భార్య తరఫు" అంది అజ్జి, ఏమాత్రం తగ్గకుండా.

"పెద్ద భార్య చీరలు తెప్పించుకుంటుంది. మా పిల్ల తేనె పెడుతుంది."

అజ్జి నవ్వి, మూట పక్కనున్న సంచీలోంచి జొన్నరొట్టె, వేరుశనగ పొడి తీసి ఆయన చేతిలో పెట్టింది. వియ్యంకుల మధ్య మర్యాద అది. ఇద్దరూ ఒకే దేవుడి మీద హక్కు చెప్పుకుంటున్నారు, ఒకరి హక్కు ఇంకొకరికి అడ్డం కావడం లేదు. నా భర్త ఫోనులో ఇంకో పేరు కనిపించిన రోజు నాకు ఎలా ఉండిందో గుర్తొచ్చింది. ఆ రెండింటినీ పోల్చకూడదని నాకు తెలుసు. అయినా గుర్తొచ్చింది.

ఆ రాత్రి అక్కడే చెట్ల కింద పడుకున్నాం. నా రెండు పాదాలూ బొబ్బలెక్కాయి. ఎడమ మడమ దగ్గర బొబ్బ చిట్లి, మేజోడు ఊలు అందులో అతుక్కుపోయింది. లాగితే చర్మం వస్తుందన్న భయంతో అలాగే వదిలేసి పడుకోబోయాను. అజ్జి చూసింది. గోరువెచ్చటి నీళ్లు తెప్పించి మడమ మీద కొంచెం కొంచెంగా పోస్తూ, దారం దారంగా ఊలు విడదీసింది. ఆముదంలో పసుపు కలిపి రాయడానికి నా పాదాన్ని తన ఒళ్లోకి తీసుకోబోతే వెనక్కి లాక్కున్నాను. పెద్దావిడ నా కాలు పట్టుకోవడమా!

"నీ కాలని ఎవరన్నారు తాయీ? అల్లుడి ఇంటికి పోతున్న కాలు. మధ్యలో నీ పెత్తనం ఏమిటి?"

ఆమె వేళ్లు మొద్దుబారి గరుకుగా ఉన్నాయి. అయినా బొబ్బ అంచు దగ్గరికి వచ్చేసరికి ఎంత మెల్లగా ఆగాయో! ఒక్కో వేలి సందులోకీ నూనె వెళ్లేలా రాసింది. నాకు ఏడుపొచ్చింది. నొప్పి వల్ల కాదు. నా ఒంటిని అంత శ్రద్ధగా ముట్టుకున్న చేయి ఏదీ చాలాకాలంగా లేదు. నా చేయి కూడా అందులో లేదు.

నన్ను నేను ప్రేమించుకోవాలన్న మాట ఫోనులో ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. దాని కిందే మొహానికి పూసుకునే క్రీము ప్రకటన ఉంటుంది. అందుకే ఆ మాటంటే నమ్మకం పోయింది. విడిపోయాక నేను చేసిందేమిటంటే, ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడం ఎందుకని పొద్దున వండిన అన్నంలోనే రాత్రికి ఇంత మజ్జిగ పోసుకుని, వంటింటి గట్టు దగ్గర నిలబడే తినేయడం. కంచం కూడా పెట్టుకోకుండా గిన్నెలోంచే. జ్వరం వస్తే మాత్ర మింగి బడికి వెళ్లడం. ఎవరైనా ఇంటికి వస్తే మాత్రం రెండు కూరలు, పచ్చడి. వచ్చిన మనిషికి నేను చేసే మర్యాదలో పావు వంతు కూడా ఇంట్లో ఉన్న మనిషికి చేయలేదు. ఆ ఇంట్లో ఉన్న మనిషిని నేనే.

"రేపు నువ్వే రాసుకో" అంది అజ్జి. "విసుక్కోకుండా రాసుకో. ఇంకొకరి కాలైతే ఎలా రాస్తావో అలా."

మరునాడు రాత్రి రాసుకున్నాను. మొదట్లో ఏదో పని ముగించినట్టు గబగబా కానిచ్చాను. పక్కనుంచి గదమాయింపు వచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను.

భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు గుంపులో ఒకామె కన్నడ శివభక్త కవయిత్రి అక్క మహాదేవి వచనం ఎత్తుకుంది. ఆకలేస్తే ఊళ్లో భిక్షాన్నం ఉంది, దాహమేస్తే చెరువులూ బావులూ ఉన్నాయి, పడుకోవడానికి పాడుబడ్డ గుళ్లున్నాయి, ఆత్మకు తోడుగా నువ్వున్నావు అని చెన్నమల్లికార్జునుడితో చెప్పే వచనం అది. 12వ శతాబ్దంలో ఆమె కూడా ఈ శ్రీశైలానికే వచ్చింది. శివమొగ్గ ప్రాంతంలోని ఉడుతడి ఆమె ఊరు. కౌశికుడనే రాజు ఆమె అందం చూసి పెళ్లాడాలనుకున్నాడు. పెళ్లి జరిగిందని ఒక కథ, జరగలేదని ఇంకో కథ. రెండింటిలోనూ ఆమె కోట వదిలి, కట్టుబట్టలు కూడా వదిలి, జుట్టుతోనే ఒళ్లు కప్పుకుని కల్యాణ పట్టణానికి నడిచి వెళ్లింది. అక్కడ బసవన్న ఉన్న అనుభవ మంటపంలో, అంటే శివశరణులు కూడి చర్చించే సభలో, దాని పెద్ద అల్లమప్రభువు ఆమెను నిలదీశాడు. అన్నీ వదిలినదానివి జుట్టుతో ఒళ్లెందుకు కప్పుకున్నావని అడిగాడు. చూస్తే మీకు బాధ కలుగుతుందేమోనని కప్పుకున్నాను అని ఆమె జవాబు.

చావూ చేటూ లేనివాడే తన భర్త, చచ్చి చెడిపోయే మగలు తనకు వద్దని కూడా ఆమె అంది. ఈ మాటల్ని పట్టుకుని చాలామంది ఆమెది దివ్య ప్రణయం అంటారు. నాకు మాత్రం నడుస్తుంటే మొదటి వచనమే పెద్దదిగా అనిపించింది. అన్నం ఎక్కడుంది, నీళ్లెక్కడున్నాయి, ఎక్కడ పడుకోవాలి అన్నవి ముందు చూసుకుని, తోడు సంగతి చివర చెప్పింది. ఆ తోడు లేకపోతే తాను లేనని అనలేదు. ఇంట్లోంచి బయటపడ్డ ఆడమనిషి మాట్లాడే తీరు అది. స్థలపురాణంలో చంద్రవతి కూడా అంతే. కన్నతండ్రి కన్ను తన మీద పడితే పారిపోయి ఈ కొండకు వచ్చి మల్లెపూలతో శివుణ్ని పూజించిందని చెబుతారు.

కైలాస ద్వారం మెట్ల గురించి ఎక్కువ చెప్పను. నిటారుగా ఉంటాయి, ఎక్కాలి. భీముని కొలను దగ్గర కడుపునిండా నీళ్లు తాగి మొదలుపెట్టండి.

రద్దీ రోజులు కనుక గుళ్లో స్పర్శ దర్శనం లేదు. మల్లన్నను దూరం నుంచే చూడాలి. మా అత్తకు మాటిచ్చాను కాబట్టి ఆవిడ కోరికను ఆవిడ పేరు మీదే చెప్పేశాను. అజ్జి నా ముందు వరుసలో ఉంది. చేతులు జోడించలేదు. నడుం మీద చేయి పెట్టుకుని, పోయినేడు వానల్లేక పొలం ఎండిందనీ, అల్లుడన్నవాడు అత్తవారి ఊరు వైపు ఒకసారి తొంగి చూడాలి కదా అనీ గట్టిగానే అడిగింది. "నడవండి, నడవండి" అని గుడి మనిషి తొందరపెడితే అతని వైపు కూడా అదే చూపు చూసింది. వెనకనున్న అమ్మవారి గుళ్లో మాత్రం గొంతు మారిపోయింది. మూట అప్పగించి "చిక్కిపోయావు తల్లీ" అంది. గర్భగుడి వెనక గోడకు చెవి ఆనిస్తే తుమ్మెద ఝంకారం వినిపిస్తుందంటారు. జనమంతా వరసగా చెవులు ఆనిస్తున్నారు. నేనూ ఆనించాను. ఏదో హోరు వినిపించింది. తుమ్మెదో, నా నెత్తురో, వెనకున్న జనమో నేను తేల్చలేదు.

మర్నాడు పాతాళగంగ నుంచి లాంచీలో అక్క మహాదేవి గుహలకు వెళ్లాను. కృష్ణ వెనక జలాల మీద, రెండు వైపులా కొండల మధ్య ప్రయాణం. దిగాక కొంత ఎక్కితే సహజంగా ఏర్పడిన రాతి తోరణం, దాని తర్వాత గుహ. లోపలి సందు చాలా ఇరుకు. ఒక్కొక్కరే వంగి, కొన్నిచోట్ల పక్కకు తిరిగి వెళ్లాలి. నా వెనకాయన ఫోను దీపం నా నీడనే నా ముందు పరిచింది. చివర శివలింగం. అక్కడ ఇద్దరు నిలబడేంత చోటు కూడా లేదు. ఆమె ఇక్కడ తపస్సు చేసిందని చెబుతారు. నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఈమె ఇక్కడ తిండికి ఏం చేసేది అని. రెండోది, ఈ చీకట్లో భయమేయలేదా అని. భక్తి ఆలోచనలు తర్వాతెప్పుడో వచ్చాయి. నా వంతు అయిపోయాక కూడా బయటికి రావాలనిపించలేదు. నాతో నేను ఉండటం కష్టంగా లేదన్న సంగతి అక్కడే గమనించాను. వెనకవాళ్లు దగ్గితే వచ్చేశాను.

మళ్లీ పెళ్లి చేసుకుంటానా అంటే ఏమో, చేసుకోవచ్చు. అత్త చూపించిన ఆయనతో ఒకసారి మాట్లాడటానికి కూడా ఒప్పుకున్నాను. ఇంతకుముందైతే అతను నన్ను చూసి ఏమనుకుంటాడన్నదే నా బెంగ. ఇప్పుడు, ఒంట్లో బాగాలేని రోజున తన పని తాను చేసుకోగలడా, నన్ను ఒక పూట నా మానాన వదిలేయగలడా అన్నవి అడగాలని రాసి పెట్టుకున్నాను.

శ్రీశైలం బస్టాండులో అజ్జి వాళ్లు రాయచూరు బస్సు కోసం, నేను కర్నూలు బస్సు కోసం కూర్చున్నాం. వచ్చే ఏడు మూట ఎవరు మోస్తారన్న ప్రస్తావన వచ్చింది. తన మూట తనదేనని అజ్జి తేల్చేసింది.

"నీ కూతురికి నువ్వు వేరే తెచ్చుకో."

"ఎమ్మిగనూరు నేత చీర తెస్తానజ్జీ, మా పక్క ఊరే."

"అంచు ఎంత వెడల్పు ఉంటుంది?"

వేళ్లతో చూపించాను. పెదవి విరిచి, అమ్మవారికి అది చాలదంది. అక్కడి నుంచి బస్సు వచ్చేదాకా అంచుల గురించే వాదించుకున్నాం.