సమ్మతి పత్రం మీద వేలిముద్ర

ఆఫ్రికా దేశమైన మలావీలో పరిశోధన మొదలుపెట్టాలంటే ముందు ఆమోదం కావాలి. ఆరోగ్య ప్రాజెక్టులను ఒక జాతీయ కమిటీ, సామాజిక శాస్త్రాల ప్రాజెక్టులను మరో జాతీయ కమిటీ పరిశీలిస్తాయి. పిల్లల రక్త నమూనాలు తీసుకునే మా ప్రతిపాదనకు ఆమోదం వచ్చాక కూడా జొంబా జిల్లాలో ఊరి పెద్దను కలిసి, ఆయన సరేనన్నాకే ఇళ్ల గడప తొక్కాం.

ఒక తల్లి అక్కడి చిచెవా భాషలో ఉన్న సమ్మతి పత్రాన్ని మొత్తం చదివించుకుని విన్నది. "మా పిల్లవాడి రక్తం ఎక్కడికి తీసుకువెళ్తారు? మిగిలింది ఏమి చేస్తారు?" అని అడిగింది. 2017లో దక్షిణ మలావీలో రక్తం పీల్చేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లకు మనుషుల ప్రాణాలే పోయాయి. అలాంటి చోట ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవడం తప్పు. మా సహోద్యోగి ఆమె పక్కనే చాప మీద కూర్చుని, చిన్న సీసా చేతికిచ్చి, ప్రయోగశాలలో జరిగేదంతా ఓపికగా చెప్పింది. అప్పుడుగానీ ఆ తల్లి వేలిముద్ర వేయలేదు. కింద సాక్షి సంతకం. ఒక ప్రతి ఆమెకే ఇచ్చాం.

నాకు ఖమ్మం గుర్తొచ్చింది. 2009లో అక్కడ ఒక ప్రాజెక్టులో భాగంగా గిరిజన బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు ఎంతోమంది తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. కన్నవాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదా? ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. ఇప్పుడు ఏ ప్రాజెక్టు దస్త్రం చేతికొచ్చినా సమ్మతి ఎవరి దగ్గర, ఏ భాషలో తీసుకుంటారన్న పేజీనే ముందుగా తెరుస్తాను.