కాలవలు కట్టేసిన నెలలో నిప్పు

మధ్యాహ్నం భోజనాలయ్యాక పడమటి చేలల్లో పొగ లేచింది. మే నెలలో పొగ మాకు కొత్త కాదు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక ఎవరో ఒకరు గడ్డి తగలబెడుతూనే ఉంటారు. ఇవాళ మాత్రం పడమటి వడగాలి గట్టిగా ఉంది. పొగ పైకి పోకుండా నేలబారుగా మా కొబ్బరితోట వైపు వస్తుంటే చూసి మా అత్తయ్యగారు "గేదెల్ని విప్పేయండమ్మా!" అని కేకేశారు.

మావారు పలుపులు విప్పి గేదెల్ని తూర్పు గట్టు మీదకు తోలారు. నేను మోటారు వేసి కుడితి తొట్లు, డ్రమ్ములు, బిందెలు నింపడం మొదలుపెట్టాను. మంట వచ్చే దారిలో కరెంటు తీగలున్నాయి. లైన్‌మన్‌కు చెప్తే సరఫరా ఆపేస్తాడు, ఆపితే మోటారు ఆగిపోతుంది. అందుకని ముందు నీళ్ళు, తర్వాత ఫోను. 101కి అప్పటికే మావయ్యగారు చేశారు. ఫైరింజను బయల్దేరింది కానీ మా మకాం దాకా రావాలంటే పుంత దారిలో రావాలి, మధ్యలో ఇరుకు తూము దాటాలి. అది వచ్చేలోగా చెయ్యాల్సింది మేమే చెయ్యాలి.

గోదావరి పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న కోనసీమ మాది. గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ దాటి వచ్చే కాలవ నీళ్ళతో రెండు పంటలు పండిస్తాం. దాళ్వా అవగానే కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. చేలల్లో గడ్డి ఎండి ఉండేదీ, వడగాలి వీచేదీ, బోదెల్లో చుక్క నీరు లేనిదీ ఒకే నెలలోనే. వరదొస్తే ఏది ఎక్కడ పెట్టాలో, పశువుల్ని ఎటు తోలాలో మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. నిప్పొస్తే ఏం చెయ్యాలో పెద్దవాళ్ళు కూడా ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న బాధ.

నిప్పంటే మా వైపు అందరికీ ముందు గ్యాసే గుర్తొస్తుంది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ వెలుగుకి రాత్రిపూట కూడా వాకిట్లో చీపురుపుల్ల కనబడేదని అత్తయ్యగారు చెప్తారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. ఆ భయం న్యాయమైనదే. కానీ ఏటా వేసవిలో మా గట్టు దాకా వచ్చే నిప్పు మాత్రం గడ్డి నిప్పు.

చేతికోతల రోజుల్లో ఇంత గడ్డి చేలో ఉండేది కాదు. పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చాక గడ్డంతా మేటుకి చేరేది. ఇప్పుడు మిషను కోసి గడ్డిని చేనంతా వెదజల్లి పోతుంది. పైగా ఎత్తు దుబ్బులు మిగులుతాయి. పశువులు తగ్గాయి, పోగుచేసే కూలి ఖర్చు గడ్డి విలువను మించిపోయింది. దున్నబోతే గడ్డి రోటవేటరుకు చుట్టుకుంటుంది. ఇవాళ అంటించింది ఒక కౌలురైతు. శిస్తు కట్టి, ఎరువుల అప్పు తీర్చి, మళ్ళీ సార్వాకి, అంటే మొదటి పంటకి, దుక్కి చేసుకోవాల్సిన మనిషి. గాలి తిరగడం చూసి అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి, తడి గోనెసంచితో మా పక్కనే మంటను కొట్టాడు. మోచేతి దాకా కమిలిపోయింది. అతణ్ణి ఒక్క మాట అనడానికి కూడా నాకు మనసు రాలేదు.

తోటను కాపాడింది ట్రాక్టరే. పక్క చేను అబ్బాయి తన రోటవేటరుతో గట్టు వెంబడి మట్టి తిరగేశాడు. అక్కడికొచ్చేసరికి అంటుకోవడానికి గడ్డి లేక మంట ఆగింది. ఎగిరొచ్చిన నిప్పురవ్వలు చెట్ల మొదళ్ళలో ఎండుమట్టల మీద పడుతుంటే మేం పచ్చి వేపకొమ్మలతో కొట్టి ఆర్పుతూ తిరిగాం. రొయ్యల చెరువాయన డీజిల్ ఇంజను పెట్టి పైపు లాగి గడ్డిమేటు తడిపాడు. ఆ చెరువుల వల్ల మా నేల ఉప్పెక్కుతోందన్న కోపం నాకుంది, రేపూ ఉంటుంది. ఇవాళ మాత్రం ఆ నీళ్ళే మేటును నిలబెట్టాయి, ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాను.

సాయంత్రానికి సముద్రపు గాలి తిరిగింది. గాలి చల్లబడితే ప్రాణం లేచొచ్చింది కానీ అదే గాలికి మంట ఉత్తరం పక్కకు మళ్ళింది. అటు తాటాకిళ్ళున్నాయి. అందరం అటు పరిగెత్తేసరికి ఫైరింజను కూడా తూము దాటి వచ్చింది. ఇళ్ళ వెనక పెంట దగ్గరే ఆర్పేశారు. ఇళ్ళకేమీ కాలేదు. గట్టు మీద మూడు కొబ్బరిమొక్కలు, బోదె పక్క పైపులు పోయాయి. మొక్కలు మళ్ళీ నాటుకుంటాం.

గడ్డి కాలితే అందులోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. తర్వాత దాన్నే యూరియా బస్తాల్లో కొనుక్కుంటాం. రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు ఈ మాటే అన్నాను. కౌలురైతు "నిజమేనమ్మా, కానీ తీసే దారేదండి?" అన్నాడు. దారి ఉంది. గడ్డిని మోపులు కట్టే బేలరు మిషనతను పక్కపక్క చేలు కలిపి ఇస్తే వస్తానంటున్నాడు. ఒక్క చేనుకైతే కిట్టదట. ట్రాక్టరబ్బాయి, కౌలురైతు ఒప్పుకున్నారు. రొయ్యల చెరువు అవతల చేను ఆ చెరువాయన తమ్ముడిది. ఆయనతో రేపు పొద్దున్నే మావయ్యగారు మాట్లాడతారు. ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కాలవ వదిలేదాకా మా గట్టు వెంబడి దున్నిన పట్టీ అలాగే ఉంచాలని మావారితో చెప్పాను.