రాయికి ఒక దిక్కుంటది

మా నాయిన బండను పగలగొట్టే ముందు చిన్న సుత్తితో అక్కడక్కడ తట్టి చెవి పెట్టేవాడు. ఖంగుమంటే గట్టి రాయి. దబ్బుమంటే లోపల ఎక్కడో నెర్రె ఉన్నట్టు. "రాయికి ఒక దిక్కుంటది బిడ్డా, ఆ దిక్కున కొడితే అదే ఇడుస్తది" అనేవాడు. మాది వడ్డెర కుటుంబం. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌కు రాళ్లు కొట్టిన చేతుల్లో మా తాత చేతులు కూడా ఉన్నాయి.

మీరూ నేనూ కలిసి చదువుకున్న మన బడిలో, తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సోషల్ సారు ఒకరోజు సంచిలో రెండు రాళ్లు తెచ్చారు. ఒకటి వాడపల్లి వైపు నుంచి తెచ్చిన సున్నపురాయి, ఇంకోటి మన బడి వెనక గుట్ట రాయి. సైన్స్ ల్యాబు నుంచి యాసిడ్ సీసా తెచ్చి సున్నపురాయి మీద రెండు చుక్కలు వేశారు. బుసబుసమని పొంగింది. గుట్ట రాయి మీద వేస్తే ఉలుకూ పలుకూ లేదు. "ఇది సముద్రం అడుగున పేరుకున్నది. అది భూమి లోపల కరిగి, చల్లారి గట్టిపడ్డది. వయసు సుమారు 250 కోట్ల ఏండ్లు" అన్నారు. సాయంత్రం ఇంటికి ఉరికి ఆ మాట నాయినకు చెప్పాను. ఆయన చేతిలోని సమ్మెట కింద పెట్టి, ముందున్న బండను కాసేపు చూశాడు. "గింత పెద్దమనిషినా నేను రోజూ కొడుతున్నది" అన్నాడు.

సారు పేరు ఇక్కడ రాస్తే ఆయనకు ఇష్టముండదు. పదో తరగతి అయ్యాక ఒక కాగితం ముక్క మీద 'జియాలజీ - ఉస్మానియా యూనివర్సిటీ' అని రాసి నా చేతిలో పెట్టారు. రాళ్ల గురించి, భూమి గురించి చదివే చదువట. అప్పటిదాకా ఆ మాట నేను వినలేదు. నేను చదివిన ఇంటర్ కాలేజీలో ఆ సబ్జెక్టు లేదు, డిగ్రీలో కూడా కొన్ని కాలేజీల్లోనే ఉంటుంది. ఊళ్లో అందరూ టీచర్ ట్రైనింగ్ చేయమన్నారు. ఆ కాగితమే లేకపోతే నేనూ అటే పోయేదాన్ని.

మన తరగతిలో పళ్ల మీద గోధుమ రంగు చారలు లేనివాళ్లు ఎంతమంది ఉండేవారో గుర్తుందా? నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే కొందరికి కాళ్లు కూడా వంకరపోయేవి. ఎమ్మెస్సీలో మన గుట్ట రాయిలాంటి గ్రానైటును 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు, అందులో మెరిసే బయోటైటు, సూదుల్లాంటి అపటైటు అనే ఖనిజాలు చూశాను. పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరిన్ ఎక్కువగా దాక్కునేది ఇలాంటి వాటిలోనే. వాన తక్కువ పడేచోట, నీళ్లు ఆ రాతిలో ఏళ్ల తరబడి నిలిచి ఉన్నచోట అది కొంచెం కొంచెంగా కరిగి బోరులోకి వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. మా నాయినకు కూడు పెట్టిన రాయే నా పక్క బెంచీ పిల్ల కాళ్లు వంచిందని ఆ రోజు తెలిసింది. ల్యాబులో ఎవరూ చూడకుండా ఏడ్చాను.

చదువు కష్టం కాలేదు. ఇబ్బందంతా చుట్టూ ఉన్న వాటితోనే. ఫీల్డ్ ట్రిప్పుకు బూట్లు, సుత్తి, బస్సు చార్జీలు ముందు మన జేబులోంచి పెట్టుకోవాలి. డబ్బులు తర్వాత ఎప్పుడో వస్తాయి. నాయిన రెండుసార్లు అప్పు చేశాడు. రోజంతా గుట్టల్లో తిరిగే చోట బాత్‌రూమ్ ఉండదని, ఆడపిల్లలం పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండేవాళ్లం. ఒక గని దగ్గర మగపిల్లలను లోపలికి తీసుకుపోయి, మా ముగ్గురినీ పైన బెంచీ మీద కూర్చోబెట్టారు. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లకు భూగర్భంలో ఉద్యోగం వద్దంది. 2019లో గానీ సాంకేతిక, పర్యవేక్షణ పనులకు పగటిపూట దిగే వీలు రాలేదు. ఆ బెంచీ మీద మూడు గంటలు కూర్చున్న కోపం నాకింకా పోలేదు. పోవాలని కూడా లేదు.

మన పిల్లలకు తెలియాల్సింది ఇంకోటుంది. యూపీఎస్సీ పెట్టే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి నెగ్గితే, దేశంలో రాళ్లను, ఖనిజాలను పరిశీలించే జియలాజికల్ సర్వేలోనో కేంద్ర భూగర్భ జల బోర్డులోనో ఉద్యోగం వస్తుంది. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు దరఖాస్తు ఫీజు లేదు. జియలాజికల్ సర్వే శిక్షణ సంస్థ మన హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి, మన తెలుగు మీడియం పిల్లలకు టెన్షన్ అక్కడే. ఆ ఒక్క గండం దాటించడానికి వారానికి ఒక గంట ఫోనులో నేనుంటాను. నాలాగా ఇంకో నలుగురు ముందుకొస్తే బూట్లు, బస్సు చార్జీల ఖర్చు పంచుకోవచ్చు. అప్పు రూపంలో వద్దు, అడిగి ఇప్పించుకునే రూపంలో అసలే వద్దు. ట్రిప్పుకు వారం ముందే పిల్ల చేతిలో ఉండాలి.

మూడేళ్ల కింద తొమ్మిదో తరగతి పిల్లలను బడి వెనక గుట్టకు తీసుకుపోయాను. గ్రానైటును చీల్చుకుంటూ సాగే నల్లరాయి చార మీకందరికీ గుర్తుండే ఉంటుంది, మనం దాని మీదే కూర్చుని సద్ది తినేవాళ్లం. రెండింట్లో ఏది ముందు పుట్టిందని అడిగాను. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి, "నల్లది తర్వాత వచ్చింది మేడం. ఉన్నదాన్నే కదా కోసేది" అంది. అక్కడితో ఆగలేదు. "మా బాపు బావులు తవ్వుతడు. నల్లరాయికి ఇటుపక్క నీళ్లు పడతయి, అటుపక్క ఎంత తవ్వినా పడవు" అంది. ఇలాంటి నల్లరాయి చారను డైకు అంటారు. అది భూమి లోపల గోడలా అడ్డం నిలిచి నీటిని ఆపుతుందని నేను చదివింది ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మొన్న ఫోను చేసి బూట్ల సైజు అడిగి రాసిపెట్టుకున్నాను. అయిదు.