సూదిలో దారం ఎక్కుతూనే ఉంది

ఒంగోలులో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. జోడు పెట్టుకుంటే సన్న సూదిలో కూడా ఒక్కసారికే దారం ఎక్కిస్తాను. అలాంటి నాకు గ్లకోమా, అంటే కంట్లో ప్రెజర్ వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు, ఉందంటే ఎలా నమ్ముతాను?

నాలుగేళ్లలో మూడుసార్లు అద్దాలు మార్చాను. షాపులో అక్షరాలు చదివించి నంబరు రాసిచ్చేవారు. ఒకసారి కంటి ప్రెజర్ చూపించుకోమని ఎవరూ అనలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

మా అమ్మాయి కాన్పుకు హైదరాబాద్ వెళ్లినప్పుడు మెట్ల మీద రెండుసార్లు తూలాను. కాళ్ల నొప్పులనుకున్నాను. అల్లుడు ఊరుకోక కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నీలి లైటు కంటికి ఆనించి ప్రెజర్ కొలిచారు. కుడి కంట్లో 32, ఎడమ కంట్లో 24. మామూలుగా 21 లోపు ఉండాలట. గ్లకోమా డాక్టరమ్మ తిమ్మిరి చుక్క వేసి, లోపల అద్దాలున్న చిన్న లెన్స్ పెట్టి, కంటి లోపల ఊరే నీరు బయటికి పోయే మూల తెరుచుకుని ఉందో లేదో చూశారు. ఆ తర్వాత చుక్కల్లాంటి లైట్లు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష.

ఆ పరీక్ష కాగితం చూస్తూ ఆమె అడిగిన మొదటి మాట, "అమ్మా, మెట్లు దిగేటప్పుడు తడబడుతున్నారా?" నేను ఆమెతో మెట్ల సంగతి ఎత్తనే లేదు. కుడి కంటి బొమ్మలో కింది సగమంతా నల్లగా ఉంది, అంటే అక్కడ చూపు పోయింది. "మధ్య చూపు చాలాకాలం బాగానే ఉంటుందమ్మా, అందుకే దారం ఎక్కుతోంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నారు.

రాత్రిపూట వేసుకోవడానికి ప్రెజర్ తగ్గించే చుక్కలు రాశారు. వేసుకున్నా చూపులో తేడా ఏమీ తెలియక మూడు నెలలు మానేశాను. తప్పు నాదే. మళ్లీ వెళ్లేసరికి నలుపు ఇంకాస్త పాకింది. చుక్కలు మళ్లీ మొదలుపెట్టినా కుడి కంట్లో ప్రెజర్ చాలినంత దిగలేదు. ఆపరేషన్ తప్పలేదు.

అదేమిటో ఆమె కుట్టు భాషలోనే చెప్పారు. పైరెప్ప కింద దాగే చోట కంటి తెల్లగుడ్డులో చిన్న తలుపులా పొర కోసి, ప్రెజర్ దిగేలా లోపలి నీరు ఊరే దారి చేసి, ఆ తలుపు మీద కుట్లు వేస్తారు. వెంట్రుక కన్నా సన్నటి దారం. కుట్టు బిగిస్తే నీరు పోదు, లూజైతే కన్ను మెత్తబడిపోతుంది. అందుకని ముందు కాస్త టైటుగానే వేసి, తర్వాత అవసరాన్ని బట్టి లేజర్‌తో ఒక్కో కుట్టూ తెంపుతారు. మిషన్‌లో దారం టెన్షన్ సరిచేసుకునే దాన్ని, నాకు వెంటనే అర్థమైంది. "ఇలా చెయ్యి తిరగడానికి ఎన్నేళ్లు పట్టింది మేడం?" అని అడిగాను. ఎంబీబీఎస్, మూడేళ్ల కంటి పీజీ, ఆ పైన గ్లకోమా ఒక్కదాని మీదే ఫెలోషిప్ చేశారట.

ఆపరేషన్ అయిన పదో రోజు ప్రెజర్ 22. ఒక కుట్టు తెంపారు. అప్పటికప్పుడు కొలిస్తే 15. ఇప్పుడు 13 దగ్గర నిలిచింది. నాలుగు నెలలకోసారి వెళ్తున్నాను.

ఇది తోడబుట్టినవాళ్లకూ వచ్చే జబ్బని చెబితే తమ్ముణ్ణి చూపించాను. వాడికి ప్రెజర్ 26 ఉంది, కానీ చూపు ఇంకా పోలేదు. చుక్కలతో ఆగింది. నా ఎడమ కంటికీ చుక్కలే. రాత్రి తొమ్మిదింటికి వేసుకుని, ముక్కు పక్కన కంటి మూల రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటాను. ఆ వేళకే వాడి ఫోన్ వస్తుంది.

"అక్కా, వేసుకున్నావా?"