ఇస్త్రీపెట్టె కింద టెరిలిన్

కువైట్‌లో నా మొదటి నెల జీతంలో ఏడు దీనార్లు కోసేశారు. తప్పు నాదే. ఇక్కడి మగవాళ్లు తొడిగే పొడవాటి అంగీ, దిష్‌దాషా అంటారు, అలాంటి తెల్లటిదాని మెడ దగ్గర ఇస్త్రీపెట్టెను రెండు క్షణాలు ఎక్కువ ఆనించాను. బట్ట మాడలేదు, కమురు వాసనా రాలేదు. బొటనవేలంత మేర నున్నగా మెరిసింది. ఆ మెరుపు ఎన్ని ఉతుకులకూ పోదట.

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పదేళ్లు బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసినవాణ్ణి. నూలు చొక్కా మీద నీళ్లు చల్లి గట్టిగా రుద్దడమే నాకు తెలిసిన పనితనం. ఇక్కడ అదే కొంప ముంచింది.

కావలి నుంచి వచ్చిన అన్న ఒకాయన ఆ రాత్రి గదిలో నా లుంగీ నుంచి ఒక పోగు, ఆ దిష్‌దాషా కుట్టు నుంచి ఒక పోగు లాగి లైటర్ వెలిగించాడు. లుంగీ పోగు కాగితంలా కాలి బూడిదైంది. రెండోది ముడుచుకుని, కరిగి, ఆవగింజంత నల్లటి గట్టి పూసైంది. "ఇది చెట్టున కాసింది కాదు తమ్ముడూ, నేలలోంచి తోడిన చమురు" అన్నాడు.

చమురు నుంచి తీసిన రసాయనాలతో పాలిస్టర్ పలుకులు చేస్తారు. అవి 260 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ఆ పాకాన్ని సన్నటి రంధ్రాల పళ్లెం గుండా, జంతికల గొట్టంలోంచి పిండినట్టు పోగులుగా తీస్తారు. చల్లారాక సాగదీస్తే పోగుకు బలం వస్తుంది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన ఈ పోగే టెరిలిన్. మా నాన్న పెళ్లిచొక్కా అదే. మూడింట ఒక వంతు నూలు కలిస్తే మన టెరికాటన్.

నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పీల్చుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. అందుకే రోహిణి కార్తెలో నాన్న ఆ చొక్కాను తిట్టుకునేవాడు. యాభై డిగ్రీల ఎండలో ఇక్కడివాళ్లు దాన్నే ఎందుకు కోరుకుంటారా అనుకున్నాను. ఇంటి ఏసీ నుంచి కారు ఏసీలోకి నడిచేవారికి చెమటతో పనేముంది! మడత నలగకపోతే చాలు. జపాన్ నుంచి వచ్చే పాలిస్టర్ గుడ్డకైతే మంచి గిరాకీ.

ఇప్పుడు పైన తడిగుడ్డ వేసి, ఆవిరితో, చెయ్యి తేల్చి ఇస్త్రీ చేస్తున్నాను.

మొదటి సెలవుకు అమ్మకు సింహం బొమ్మ ఉన్న బరువైన పాలిస్టర్ దుప్పటి తీసుకెళ్లాను. ఒక్క రాత్రీ కప్పుకోలేదు. మంచం మీద పరిచి, వచ్చినవాళ్లను మాత్రం కుర్చీలో కూర్చోబెడుతోంది.