ఆర్బర్ ప్రెస్ ఎంపిక: మూడో వారం

టెక్సాస్‌లో మా గ్యారేజీ బల్ల మీద ఇప్పుడు రెండు ఆర్బర్ ప్రెస్‌లు (పిడి తిప్పితే కడ్డీని నిటారుగా కిందికి నొక్కే చేతి యంత్రాలు) పక్కపక్కన ఉన్నాయి. వాటిలో పెద్దదాన్ని ఈ వారం అమ్మేస్తున్నాను.

100 గజాల బెంచ్‌రెస్ట్ గురికి, అంటే రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే పోటీ గురికి, నేను వాడే తూటా 6 పీపీసీ. దాన్ని ఇంట్లోనే కూర్చుకుంటాను; దీన్నే రీలోడింగ్ అంటారు. .220 రష్యన్ అనే తూటా కేసును (మందు పట్టే ఇత్తడి గొట్టాన్ని) సవరించి 1975లో లూ పాల్మిసానో, ఫెర్రిస్ పిండెల్ రూపొందించిన తూటా ఇది. పీపీసీలో మొదటి రెండు అక్షరాలూ వాళ్ల ఇంటిపేర్లవే. బుల్లెట్‌ను కేసు మెడలోకి దించడానికి విల్సన్ కంపెనీ చేతి డై (కేసును పట్టి ఉంచే అచ్చు) వాడతాను. దానికి మరలుండవు కాబట్టి మామూలు రీలోడింగ్ ప్రెస్‌కు బిగించలేం. కేసు మొత్తం డైలో ఒదిగిపోతుంది, పైనున్న కాడను నిటారుగా కిందికి నొక్కాలి. ఆర్బర్ ప్రెస్ అవసరం అందుకే.

మొదట కొన్నది బేరింగులు దించే ఒక టన్ను రకం. చవకగా వచ్చింది, గట్టిగానూ ఉంది. కానీ బుల్లెట్ కూర్చడానికి కావలసింది కొన్ని పదుల పౌన్ల ఒత్తిడే. అంత పొడవాటి పిడితో నొక్కితే మెడ బిగువు చేతికి తెలియనే తెలియదు. పైగా నొక్కే కడ్డీని వేలితో తోస్తే పక్కకు కదులుతోంది. మూలమట్టం ఆనించి చూస్తే అడుగు పలకకు లంబంగానూ లేదు. కొనే ముందే చూసుకోవలసిన సంగతులివి.

రెండోది రీలోడింగ్ కోసమే చేసిన చిన్న ప్రెస్, ఒత్తిడి చూపే డయల్ ఉన్నది. తలభాగాన్ని డై ఎత్తుకు సరిపడా దించి బిగించాను. పిడి పావు చుట్టు తిరిగేసరికి కాడ ఆగిపోతుంది.

శనివారం తుపాకీ మందు, ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) లేని పది కేసులతో పరీక్షించాను. తొమ్మిదింటికి ముల్లు దాదాపు ఒకే చోట నిలిచింది. ఏడో కేసుకు మాత్రం బుల్లెట్ మెడలోకి దిగుతూనే చేతికి గరుకుగా తగిలింది, ముల్లు ఒక్కసారిగా పైకెగిరింది. కంపారేటర్‌తో (తూటా పొడవును కచ్చితంగా కొలిచే పనిముట్టుతో) కొలిస్తే అది మిగతావాటికన్నా అంగుళంలో వెయ్యోవంతులు రెండు పొడవు. బుల్లెట్ లాగి భూతద్దంతో చూశాను: మెడ లోపలి అంచున సన్నటి ఇత్తడి పొర లేచి ఉంది. ఆ కేసుకు అంచు గీయడం మరిచిపోయాను.

డయల్ అంకెను నిజమైన పౌన్లుగా తీసుకోను, ఒక కేసును మరో కేసుతో పోల్చడానికి అది చాలు. నా దృష్టిలో ఈ ప్రెస్‌కు పెట్టిన డబ్బంతా ఆ పోలిక కోసమే. వచ్చే శనివారం అంచులన్నీ మళ్లీ గీసి, అవే పది కేసులతో ఇంకోసారి కొలుస్తాను.